లీటరు నూనె కిలో ఎందుకు తూగదు: గానుగ కొట్టు డైరీ

మార్చి 2, ఆదివారం

కదిరిలో మామ గానుగ కొట్టుకు పొద్దున్నే ఫోన్ వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ఐదు లీటర్ల వేరుశనగ నూనె పట్టుకెళ్ళిన ఒకాయన, ఇంటికెళ్ళి క్యాన్‌ను కాటా మీద పెట్టాడట. క్యాన్ బరువు తీసేస్తే నూనె 4 కిలోల 510 గ్రాములే ఉందట. "ఐదుకు డబ్బులు తీసుకుని నాలుగున్నర పోస్తారా అన్నా? దగ్గర దగ్గర అర కిలో కొట్టేశారు" అన్నాడు.

మామకు కోపం కన్నా అవమానం ఎక్కువైంది. ఎద్దు గానుగ కాలం నుంచి నూనె అమ్ముతున్నాడు, తూకంలో మాట పడలేదు. "లీటరు వేరు, కిలో వేరు నాయనా" అని రెండుసార్లు చెప్పాడు. అవతలాయన వినలేదు. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "కంప్యూటర్ చదువు చదివినావు కదరా అల్లుడా, ఇది వాళ్ళకు అర్థమయ్యేటట్టు గోడ మీద రాసి పెట్టు" అన్నాడు. ఈ ప్రాజెక్టు అట్లా మొదలైంది. నేను బెంగళూరు నుంచి వచ్చేది శని, ఆదివారాలే కాబట్టి పని ముక్కలు ముక్కలుగా సాగుతుంది.

నూనె నీటి కన్నా తేలిక, నీళ్ళ మీద తేలుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. లీటరు నీళ్ళు దాదాపు కిలో తూగితే, లీటరు నూనె అంతకన్నా తక్కువే తూగాలి. ఎంత తక్కువ? దుకాణంలో కొనే ఒక లీటరు ప్యాకెట్ల మీద చాలావాటికి 910 గ్రాములు అని పక్కన అచ్చేసి ఉంటుంది. ఆ లెక్కన ఐదు లీటర్లు 4 కిలోల 550 గ్రాములు. కానీ ఆయన కాటా 4,510 చూపించింది. ఆ 40 గ్రాములు ఎక్కడికి పోయాయి? మామ ఇది పట్టించుకోలేదు. నాకు మాత్రం బుర్రలో పురుగు తొలుస్తూనే ఉంది.

మరో తలనొప్పి ధర. మామ కిలో 360 అని బోర్డు పెట్టాడు. కావాలంటే లీటరు లెక్కన 328. రెండు వీధుల అవతల కొట్టులో లీటరు 340 అని బోర్డు. జనం 340ని 360తో పోల్చి, అక్కడ ఇరవై తక్కువని వెళ్ళిపోతున్నారు. 340ని 0.91తో భాగిస్తే కిలో 373 దాటుతుంది. అంటే అక్కడే పదమూడు రూపాయలు ఎక్కువ! మామ నోరు తెరిచాడు. వెంటనే బోర్డు మార్చేస్తానని లేచాడు. ముందు మన నూనె ఎంత తూగుతుందో మనమే చూసుకుందాం, ప్యాకెట్ మీది అంకెను నమ్ముకుని బోర్డు రాయొద్దని ఆపాను.

మార్చి 8, శనివారం

మొదటి ప్రయత్నం తుస్సుమంది.

ఖాళీ లీటరు మంచినీళ్ళ సీసా ఒకటి కడిగి, బాగా ఆరబెట్టాను. ఖాళీది తూచి, అంచు దాకా నూనె పోసి మళ్ళీ తూచాను. నూనె 940. మళ్ళీ పోస్తే 945. ఒకసారి 940, ఒకసారి 945 ఏమిటని చూస్తే, కొట్టులోని 30 కిలోల కాటా అయిదేసి గ్రాముల మెట్లలో చూపిస్తుంది. మధ్యలో ఏముందో దానికి తెలియదు. ఇంటి నుంచి ఒక్క గ్రాము దాకా చూపించే వంటింటి కాటా తెచ్చి పెడితే 942 వచ్చింది.

910 రావాల్సిన చోట 942! గుండె గుభేలుమంది. మడ్డి ఇంకా దిగలేదేమో అనుకున్నాను. లేక మామ ఆముదమో ఏదో కలిపాడా అని ఒక్క క్షణం పాపపు ఆలోచన కూడా వచ్చింది. (ఇది మామ చదవడు కాబట్టి రాస్తున్నాను.)

రాత్రి పడుకునేటప్పుడు వెలిగింది. సీసా మీద లీటరు అని ఉంటే, అది కంపెనీ నింపే గీత దాకానే లీటరు. పైన మూత కింద ఖాళీ ఉంటుంది కదా. నేను పోసింది అంచు దాకా. లేచి వెళ్ళి అదే సీసాలో అంచు దాకా నీళ్ళు పోసి తూచాను. 1,032 గ్రాములు. సీసాకు పట్టేదే లీటరు మీద ముప్పై పైచిలుకు ఎక్కువ. మామా, మనసులోనే క్షమించు.

మార్చి 9, ఆదివారం

ఈరోజు పద్ధతి మార్చాను. ప్లాస్టిక్ సీసా వద్దు, నొక్కితే లోపలికి పోతుంది, వేడికి సాగుతుంది. ఇంట్లో సన్నటి మెడ ఉన్న పాత గాజు సీసా ఒకటి దొరికింది. మెడ సగంలో మా అమ్మ నెయిల్ పాలిష్‌తో గీత గీశాను.

సన్నటి మెడ ఎందుకో చెప్తాను, ఇదే అసలు కిటుకు. వెడల్పు పది సెంటీమీటర్లున్న గిన్నెలో నూనె మట్టం ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే దాదాపు 8 మిల్లీలీటర్ల తేడా. అదే మెడ లోపలి వెడల్పు 18 మిల్లీమీటర్లే ఉంటే, ఒక మిల్లీమీటరుకు తేడా పావు మిల్లీలీటరు. కళ్ళద్దాలు లేకుండా చూసినా పెద్ద పొరపాటు రాదు.

ఖాళీ సీసా 412 గ్రాములు. గీత దాకా నీళ్ళు పోస్తే 1,163. అంటే నీళ్ళు 751 గ్రాములు. సీసా 751 మిల్లీలీటర్లు పడుతుందని రాయబోయి ఆగాను. అంతకు ముందే మామ లీటరు మగ్గును, అదే ప్రభుత్వ ముద్ర ఉన్న కొలపాత్రను, నీళ్ళతో పరీక్షిస్తే 996 గ్రాములే వచ్చాయి. ముద్ర ఉన్న మగ్గే నాలుగు గ్రాములు తక్కువా అని కంగారుపడ్డాం. తప్పు మగ్గుది కాదు. లీటరు నీళ్ళు కిలో తూగేది 4 డిగ్రీల చల్లటి నీళ్ళ సంగతి. మార్చి నెలలో మా ఊళ్ళో బిందెలోని నీళ్ళు 29, 30 డిగ్రీలుంటాయి. ఆ వేడి దగ్గర లీటరు నీళ్ళు 996 గ్రాములే. మగ్గు సరైనదే. కాబట్టి నా సీసా పట్టేది 751ని 0.996తో భాగిస్తే 754 మిల్లీలీటర్లు.

ఇక నూనె. సీసాను ఎండలో పూర్తిగా ఆరబెట్టి, 30 డిగ్రీల నూనెను గరాటుతో పోశాను. ఎత్తు నుంచి పోస్తే సన్నటి గాలి బుడగలు పడతాయి, నూనె చిక్కన కాబట్టి అవి పైకి రావడానికి టైం పడుతుంది. అరగంట ఆగితే మట్టం మూడు మిల్లీమీటర్లు దిగింది. చుక్కల మందు వేసే ఫిల్లర్‌తో గీత దాకా సరిచేశాను. ఫ్యాన్ ఆపాను, గాలికి కాటా అంకె ఆడుతుంది.

1,098. సీసా తీసేస్తే 686 గ్రాములు. 686ని 754తో భాగిస్తే 0.9098.

910! మూడుసార్లు చేశాను, 685, 686, 686. వేరుశనగ నూనెకు పుస్తకాల్లో ఇచ్చే హద్దుల్లోనే ఉంది. మామకు చూపిస్తే, "ఇంత కష్టపడి ప్యాకెట్ మీద ఉన్నదే తేల్చినావు" అన్నాడు.

మార్చి 16, ఆదివారం

ఊళ్ళో తేరు హడావిడి. కొట్టు ముందు జనం. మధ్యాహ్నం దాకా నాకు కాటా దొరకలేదు.

ఈ వారం పని వేడి. గానుగ రోటిలోంచి వచ్చే నూనె గోరువెచ్చగా ఉంటుంది. ఈరోజు వంటింటి థర్మామీటరు ముంచితే 46 డిగ్రీలు. తర్వాత మామ దాన్ని తొట్లలో పోసి, బట్ట కట్టి, మిద్దె మీద ఎండకు పెడతాడు. రెండు మూడు రోజుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది. మధ్యాహ్నం పూట ఆ తొట్టిలోని నూనె 38 డిగ్రీల దగ్గర ఉంది.

46 డిగ్రీల నూనెను అదే గాజు సీసాలో అదే గీత దాకా పోసి తూచాను. 678. చల్లటిదాని కన్నా 8 గ్రాములు తక్కువ. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది, అదే లీటరులో తక్కువ నూనె పడుతుంది. 16 డిగ్రీలకు 754 మిల్లీలీటర్లలో 8 గ్రాములంటే, లీటరుకు ఒక్కో డిగ్రీకి 0.66 గ్రాము.

దీన్ని సరిచూసుకోవడానికి ఒక మంచి ఆధారం దొరికింది. ఒకప్పుడు కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద లీటరు అని వేసి, పక్కనే 60 డిగ్రీల దగ్గర అని చిన్న అక్షరాల్లో వేసేవి. 60 డిగ్రీల నూనె ఎవరింట్లో ఉంటుంది చెప్పండి? వేడి దగ్గర కొలిచినట్టు చూపిస్తే తక్కువ గ్రాములు పోసినా లీటరే అవుతుంది. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని ఆపమని చెప్పింది. డిగ్రీల సంగతి రాయకుండా, లీటర్లూ గ్రాములూ రెండూ సరిపోయేలా నింపాలని, పాత లేబుళ్ళు మార్చుకోవడానికి 2023 జనవరి 15 దాకా గడువని. అప్పుడు వాళ్ళు ఇచ్చిన ఉదాహరణ సోయా నూనెది. లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు, 60 దగ్గర 892.6. తీసివేసి 39తో భాగిస్తే డిగ్రీకి 0.68. నెయిల్ పాలిష్ గీతతో నాకు వచ్చింది 0.66! ఆ సంతోషంలో పక్క కొట్టు నుంచి అందరికీ టీ చెప్పాను.

ఇప్పుడు ఆ అన్న క్యాన్ లెక్క. ఆ రోజు మధ్యాహ్నం మామ మిద్దె మీది తొట్టి నుంచే మగ్గుతో ఐదుసార్లు పోశాడు. 38 డిగ్రీల దగ్గర లీటరు 904 గ్రాములు. ఐదుకు 4,520. చేతిలో ఉన్నది 4,510. ఇంకా పది మిగిలాయి.

ఆ పది గ్రాములు మగ్గులోనే ఉన్నాయి. నీళ్ళలా నూనె జారిపోదు, పాత్రకు అంటుకుంటుంది. పొడి మగ్గు 96 గ్రాములు, నూనె నింపి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు వంచి పట్టుకున్నాక 105. తొమ్మిది గ్రాములు మగ్గుకే. "అయితే ఐదు మగ్గులకు 45 గ్రాములు పోతాయి మామా" అన్నాను గొప్పగా.

మామ నవ్వాడు. "మొదటి మగ్గుకే పోతాది. రెండో మగ్గు తడి మగ్గే కదా, మొదట అంటుకున్నదే అట్లే ఉంటాది. నువ్వు మళ్ళా తూచు" అన్నాడు. తూచాను. రెండోసారి, మూడోసారి వంచాక కూడా మగ్గు 105 దగ్గరే ఆగింది. అంటే అయిదు లీటర్లకైనా యాభైకైనా నష్టం ఒక్కసారే, తొమ్మిది గ్రాములే. 4,520లోంచి 9 తీస్తే 4,511.

ఆయన కాటా 4,510 అంది. మొత్తం 490 తక్కువ అన్నాడు. అందులో 450 లీటరుకూ కిలోకూ తేడా తెలియక వచ్చినవి. మిగిలిన 40 మాత్రం మావే, 30 ఎండవి, 10 మగ్గువి. మామ ముఖం చూశాను. "ఫోన్ చేసి చెప్పాల్నా?" అన్నాడు. చెప్పాల్నే అన్నాను. ఇంకా చెయ్యలేదు.

మార్చి 23, ఆదివారం

మిగతా నూనెలు కూడా అదే సీసాలో, 30 డిగ్రీల దగ్గర. నువ్వుల నూనె 688 గ్రాములు, అంటే లీటరుకు దాదాపు 912. కొబ్బరి నూనె 690, లీటరుకు 915. ఆముదం మాత్రం 719, లీటరుకు 953 పైనే. ఆముదం సీసా కడగడానికి నూనె తూచిన దానికన్నా ఎక్కువసేపు పట్టింది, శనగపిండి వేసి రుద్దినా వదల్లేదు.

వేరుశనగకూ నువ్వులకూ తేడా నా సీసాలో రెండు గ్రాములే. నా కాటాలో ఒక గ్రాము అటూ ఇటూ ఉండనే ఉంటుంది. కాబట్టి వంట నూనెలన్నిటికీ లీటరుకు 910 అనుకుంటే కొట్టులో పని జరిగిపోతుంది, ఆముదం ఒక్కటే వేరే వరుసలో రాయాలి.

పక్క కొట్టాయన ఒకాయన వచ్చి, "అయితే తూకం చూసి కల్తీ పట్టేయొచ్చా?" అని అడిగాడు. ఆముదం బాగా కలిపితే తెలుస్తుందేమో. పామాయిలు, పొద్దుతిరుగుడు, పత్తి గింజల నూనె, ఇవన్నీ 900కూ 925కూ మధ్యలోనే తిరుగుతాయి. సగానికి సగం కలిపినా కాటా ఒకటి రెండు గ్రాములే కదులుతుంది. తూకానికి తెలిసేది ఎంత అన్నదే.

మార్చి 30, ఉగాది

గానుగకు సెలవు. పచ్చడి తిని కూర్చుంటే గుంటూరు నుంచి అత్తమ్మ ఫోన్. ఆవకాయ సీజన్ వస్తోంది, మీ మామ దగ్గర నువ్వుల నూనె పంపించు, రెండు మానికలు కావాలి అంది. కిలోలెంత అత్తమ్మా అంటే, "కిలోలు నాకేం తెలుసు, సోలతో ఎనిమిది" అంది. నాలుగు సోలలు ఒక మానిక.

పోయిన ఏడాది ఆవిడ ఇచ్చిన ఇత్తడి సోల మా ఇంట్లోనే ఉంది. నీళ్ళు అంచు దాకా పోసి తూస్తే 262 గ్రాములు, అంటే 263 మిల్లీలీటర్లు. ఎనిమిది సోలలు 2,104 మిల్లీలీటర్లు. నువ్వుల నూనె అయితే 1 కిలో 920 గ్రాములు. ఆవిడ రెండు కిలోలు పంపమనలేదు కానీ దాదాపు రెండు కిలోలే. ఊరు మారితే సోల మారుతుంది, కాబట్టి ఈ లెక్క ఈ సోలకే.

ఏప్రిల్ 5, శనివారం

గోడ బోర్డు రాసే రోజు. ముందు పనివాడితో ట్రయల్ వేశాను. 15 కిలోల టిన్ను ఎన్ని లీటర్లు అంటే, 15ని 0.91తో గుణించి 13.65 అన్నాడు. గుణించాలా భాగించాలా అన్న దగ్గరే అందరూ తడబడతారు. నేను చెప్పింది ఒకటే. నూనె తేలిక, కాబట్టి ఒకే నూనెకు లీటర్ల అంకె ఎప్పుడూ కిలోల అంకె కన్నా పెద్దది. చిన్నది వస్తే తిరగేసి చెయ్యి. 15 కిలోలను భాగిస్తే 16.48 లీటర్లు. 15 లీటర్ల టిన్ను అయితే 13 కిలోల 650 గ్రాములు. బయట రెండు రకాల టిన్నులూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, మధ్యలో కిలోం పావు పైనే తేడా.

నోటి లెక్క కావాలని మామ అడిగాడు. లీటరుకు తొంభై గ్రాములు తగ్గించు, కిలోకు నూరు మిల్లీలీటర్లు పెంచు. రెండు వైపులా తొంభై ఎందుకు కాదని అడిగాడు. కిలోకు తొంభై పెంచితే 1,090 అవుతుంది, అసలు 1,099. ఒక కిలోకు తొమ్మిది మిల్లీలీటర్లు చిన్నదే, 15 కిలోల టిన్నుకు వచ్చేసరికి 130 దాటుతుంది.

తర్వాత ఎలా నింపాలన్నది. మగ్గు వద్దు, సీసాను కాటా మీదే పెట్టి బరువు చూసి నింపడం. నూనె వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా గ్రాములు మారవు. ఎండలో నింపిన లీటరు మట్టం రాత్రికి దిగుతుంది కానీ 910 గ్రాములు 910గానే ఉంటాయి. దీనికోసం ఒక గ్రాము మెట్టున్న 10 కిలోల కాటా కొని, తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాం. వంటింటి కాటాతో అమ్మితే ఒప్పుకోరు. ఖాళీ సీసా బరువు అందాజుగా వెయ్యకూడదని కూడా తేలింది. ఒకే సంచిలోని సీసాలు 28 నుంచి 31 గ్రాముల దాకా ఉన్నాయి. ప్రతిసారీ ఖాళీ సీసా పెట్టి సున్నా చేసుకోవాల్సిందే.

ఎన్ని గ్రాముల దగ్గర ఆపాలి? 30 డిగ్రీలకైతే 910. డిసెంబరు పొద్దున 22 డిగ్రీలుంటే నూనె కుంచించుకుని, నిజమైన లీటరుకు 915 కావాలి. ఏడాది పొడుగునా ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలంటే 915 పొయ్యాలి. లీటరుకు అయిదు గ్రాములు, ఇప్పటి ధరకు రూపాయీ ఎనభై పైసలు. మామ ఒప్పుకోడేమో అనుకున్నాను. "కొసరు అనుకుంటే సరిపాయె" అన్నాడు, ఆలోచించకుండా.

బోర్డు మీద మూడు వరుసలే రాశాం. అర లీటరు 455, లీటరు 910, అయిదు లీటర్లు 4 కిలోల 550. కింద కిలో 360, లీటరు 328. డిగ్రీల పట్టిక నేను రాస్తానంటే మామ ఒప్పుకోలేదు. అది నా నోటుబుక్కులోనే ఉంది: 22కు 915, 30కి 910, 38కి 904, 46కు 899.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

మామ నిన్న రాత్రి ఆ అన్నకు ఫోన్ చేసినట్టున్నాడు, నాకు చెప్పలేదు. పొద్దున పందిట్లో పానకం పంచుతుండగా ఆయనే ఖాళీ క్యాన్ పట్టుకుని వచ్చాడు. మొహం ఇంకా ముడుచుకునే ఉంది.

మామ ముందు పోయినసారి తగ్గిన 40 గ్రాములు చిన్న డబ్బాలో తూచి చేతికిచ్చాడు. ఆయన ఏం మాట్లాడలేదు. తర్వాత ఖాళీ క్యాన్ కాటా మీద పెట్టి, సున్నా చేసి, ఆయన కళ్ళ ముందే సన్నటి ధారగా పోశాడు. 4,575 దగ్గర ఆపాడు. నేను బోర్డు చూపించి లీటరు, కిలో, 910 అంటూ మొదలుపెట్టాను. ఆయన బోర్డు వైపు తల కూడా తిప్పలేదు. క్యాన్‌ను ఎత్తి, మట్టం వెలుగుకు పట్టి చూసుకుని, కింద పెట్టాడు.

"కొసరేదన్నా?"

అందులో 25 గ్రాముల కొసరు ముందే ఉందని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే మామ గరిటె ముంచి, తూచకుండా, క్యాన్‌లో ఒంపేశాడు.